జాబెజ్ వస్తే ఏమడుగుతాడు?

కృపమణి ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుతుండగా ముందుగదిలో ఇనుప చప్పుడయింది. తొంగి చూస్తే కూతురు షెకైనా కెమెరా స్టాండును కుర్చీకి ఎదురుగా నిలబెడుతోంది. కిటికీ తెర ఒకసారి పూర్తిగా మూసి, మళ్ళీ తీసి, చివరికి సగానికి లాగి వదిలేసింది.

"ఏంది పాపా, మనింట్లో యాడుంది పెళ్ళి?"

"పెళ్ళి కాదమ్మా, నా సినిమా. ఈ పొద్దు మొదలుపెడతాండానని మొన్ననే చెప్పినా కదా."

షెకైనాకు ఇరవయ్యారేళ్ళు. బళ్ళారిలో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వీడియోలు తీసి ఎడిటింగ్ చేసిచ్చే పని. పెళ్ళి పందిట్లో ఎవరు ఏడ్చారో, ఎవరు మొహం తిప్పుకున్నారో ఏదీ వదలదని ఆమెకు పేరు. తనదంటూ ఒక సినిమా తీయాలని రెండేళ్ళుగా తపిస్తోంది. బెంగళూరులో జరిగే పొట్టి సినిమాల పోటీకి కథ పంపితే మొదటి వడపోతలో నిలిచింది. రెండు నెలల్లో సినిమా చేతికివ్వాలి.

వసారాలో పేపరు చదువుతున్న దయాసాగర్ టిఫినుకు లోపలికొచ్చాడు. హెడ్మాస్టరుగా రిటైరై అయిదేళ్ళయింది. ఇప్పుడాయనకు చర్చి పనే లోకం. సంఘంలో పెద్ద. ఆయన మాట్లాడితే పాస్టరయ్యగారు కూడా ఆగి వింటారు.

"ఏం సినిమా?" అని అడిగాడు పళ్ళెం అందుకుంటూ.

"దయ్యం సినిమా నాన్నా," అని, ఆయన మొహం చూసి, గబగబా చెప్పుకుపోయింది షెకైనా. "భయపెట్టేది కాదు. డాక్యుమెంటరీ మాదిరి ఉంటుంది. ఒక ఇంట్లో ఒక పిల్లోడు పోయినాడు. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే కెమెరా ముందర కూర్చుని వాని గురించి చెప్తారు. పాత ఫోటోలు, ఫోన్లో తీసిన వీడియోలు చూపిస్తారు. చూసేవాళ్ళు అంతా నిజమే అనుకోవాల. అప్పుడు, వాడు పోయినాక తీసిన ఫోటో ఒకదాంట్లో, వెనకాల వాడు నిలబడి ఉంటాడు."

దయాసాగర్ ముద్ద కలపడం ఆపాడు. "ఎవరు ఆ పిల్లోడు?"

"పేరు మారుస్తా నాన్నా."

"ఎవరని అడిగినా."

"జాబెజ్ అన్నే."

ఆ ఇంట్లో టిఫిన్ల దగ్గర ఆ పేరు వినపడి ఆరేళ్ళయింది. ప్రతి ఏడూ ఆ తేదీకి సమాధుల తోటకు పోతారు, పూలు పెడతారు, ప్రార్థన చేస్తారు, మాట్లాడకుండా ఇంటికొస్తారు. జాబెజ్ ఇరవైరెండేళ్ళకు కురుగోడు దగ్గర కాలవలో పోయాడు. అప్పుడు షెకైనా బెంగళూరు హాస్టల్లో ఉంది. శవం ఇంటికొచ్చాక ఆమె వచ్చింది.

"ప్రార్థనలు చేసుకునే ఇంట్లో దయ్యాల సినిమానా?" దయాసాగర్ పళ్ళెం పక్కకు జరిపాడు. "చచ్చిపోయినోడిని బొమ్మను చేసి ఆడిస్తావా?"

"ఆడించడం కాదు నాన్నా. వాని గురించి మనం ఒక్క మాట మాట్లాడుకోం. ఎట్ల పోయినాడో కూడా నాకు సరిగా తెల్దు."

"తెలిసేదేముంది? ఆ హనుమంతగాడు తాగను తోడుకపోయినాడు, ఈత అన్నాడు, నీళ్ళల్లో పోయినాడు. అయిపోయింది. స్టాండు తీసెయ్."

హనుమంత పేరు వినగానే కృపమణి చేతిలో గరిటె ఆగిపోయింది. అది తండ్రీకూతుళ్ళిద్దరూ గమనించలేదు. దయాసాగర్ సగం పళ్ళెం వదిలేసి చెయ్యి కడుక్కుని, కమిటీ మీటింగుందని వెళ్ళిపోయాడు.

షెకైనా స్టాండు తీయలేదు. కళ్ళు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచి, "అమ్మా, ఇది ఒక్కటి చూడు. నువ్వు కూడా వద్దంటే మానేస్తా," అంది.

అది పోయిన క్రిస్మస్‌కు ఇదే గదిలో తీసిన ఫోటో. దయాసాగర్, కృపమణి కుర్చీల్లో కూర్చున్నారు. వెనక కిటికీ పక్కన, తెర నీడలో, నీలం చొక్కాలో జాబెజ్ నిలబడి ఉన్నాడు. మొహం కొంచెం చెదిరినట్టుంది, కానీ వాడే.

"నేను చేసిందేమ్మా, పాత ఫోటోలోంచి తీసి," అంది షెకైనా కంగారుగా.

కృపమణి నలభై ఏళ్ళు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసిన మనిషి. ఎంతోమంది కళ్ళు తన చేత్తో మూసింది. ఇప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"తప్పు చేసినావు పాపా," అంది చివరికి. "వాడు కిటికీకాడ నిలబడడు. ఎప్పుడొచ్చినా వంటింటి గడపలో నిలబడతాడు. ఆ చొక్కా పైబొత్తం కూడా పెట్టుకోడు, ఊపిరాడదంటాడు."

షెకైనా తల్లి చెయ్యి పట్టుకుంది.

"యాడ కూర్చోవాల్నో చెప్పు," అంది కృపమణి. "నేను చేస్తా."

* * *

షెకైనా రాసిచ్చిన కాగితంలో పది మాటలున్నాయి. కొళాయి తనంతట తానే తిరుగుతుందని, వంటింట్లో ఎవరో అడుగులేస్తారని, కొడుకు వాసన దుప్పటికి ఇంకా ఉందని. కృపమణి వాటిని చదువుకుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, కెమెరాలోకి చూస్తూ చెప్పింది. బాగానే చెప్పింది. అంత బాగా చెబుతుందని షెకైనా అనుకోలేదు.

అన్నీ అయ్యాక, కెమెరా ఆపకుండా, రాయని ప్రశ్న ఒకటి అడిగింది షెకైనా. "నిజంగానే వాడొస్తే, ఆ గడపలో నిలబడితే, నిన్ను ఏమడుగుతాడమ్మా?"

కృపమణి వంటింటి గడప వైపు చూసింది. బయట మాంసం కొట్టు దగ్గర ఎవరో బేరమాడుతున్నారు. 

"హనుమంత ఎట్లుండాడు అని అడుగుతాడు."

షెకైనా కెమెరా వెనకనుంచి తలెత్తింది. "ఏందమ్మా?"

"హనుమంతకు ఎందుకట్ల చేసినావమ్మా అని అడుగుతాడు." కృపమణి ఒళ్ళోని కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. "ఆ పొద్దు శనివారం. పాస్టరు చదువు మధ్యలో వదిలేసి వచ్చి వారమయింది వాడు. ఇంక పోను నాన్నా, నాకు ఆ పిలుపు లేదు అన్నాడు. మీ నాన్న చెయ్యి చేసుకున్యాడు. చదువు ముగించేదాకా ఈ గడప తొక్కొద్దన్నాడు. వాడు ఒక్కడే పోయినాడు షెకైనా. బండి కూడా తీసుకోలేదు. కురుగోడు బస్సెక్కినాడంట."

"హనుమంత తోడుకపోయినాడని కదా..."

"హనుమంత పదకొండు గంటలకు మనింటికొచ్చినాడు. ఇదిగో, ఈ వాకిట్లోనే నిలబడినాడు. జాబెజ్ ఫోన్ చేసినాడు నర్సమ్మా, కాలవకాడ ఉండాడంట, గొంతు బాగలేదు, ఏమయింది అని నన్నడిగినాడు. నేనే, పో నాయనా, పోయి వాన్ని ఇంటికి తోడుకురా అని పంపినా. నా చేతులతో నేనే పంపినా. వాడు పోయేసరికి అంతా అయిపోయింది. ఈత సరిగా రానోడు నీళ్ళల్లో దూకి, చొక్కా పట్టుకుని గట్టుకు లాగినాడు."

 షెకైనాకు సమాధి చేసిన రోజు గుర్తొచ్చింది. సమాధుల తోట గేటు దగ్గరికి హనుమంత వచ్చాడు. మోచేతులకు కట్లున్నాయి. జాబెజ్‌తో పదో తరగతి దాకా చదివిన స్నేహితుడు, ఆమె తండ్రి హెడ్మాస్టరుగా ఉన్న స్కూల్లోనే వ్యాను నడిపేవాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుని, నువ్వే చంపినావు, పోరా ఈడనుంచి అని అరిచి గేటు బయటకు నెట్టింది. తల్లి అక్కడే ఉంది.

"నువ్వు చూస్తా నిలబడినావు," అంది షెకైనా. "నేను వాన్ని నెట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉండావు."

"ఉండాను."

"ఎట్లమ్మా?"

"మీ నాన్న అప్పటికే చర్చి మెట్ల మీద అందరికీ చెప్పేసినాడు. పోలీసులకూ అదే చెప్పినాడు. కాదని నేను అంటే, మరి ఎందుకు పోయినాడు కొడుకు అంటారు. ఆ మాట నాకు భయమాయె." కృపమణి ఏడవలేదు. "ఆరేళ్ళు భయపడినా. సాలు."

షెకైనా చెయ్యి కెమెరా మీదికి పోయింది. "ఆపేస్తానమ్మా."

"ఆపొద్దు. మొదటినుంచి అడుగు. అన్నీ చెప్తా."

* * *

దయాసాగర్ మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి స్టాండు అక్కడే ఉంది. అన్నం వడ్డించకుండా కృపమణి ఎదురుగా నిలబడింది.

"హనుమంత సంగతి షెకైనాకు చెప్పినా," అంది.

ఆయన చెప్పులు విప్పుతున్నవాడల్లా అట్లాగే వంగి ఉండిపోయాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "రికార్డు చేసినావా?"

"చేసినా నాన్నా."

"తుడిపెయ్."

"తుడపదు," అంది కృపమణి.

"నీకేం తెలుసు కృపా! బుద్ధి ఉండాదా మీ ఇద్దరికీ? ఆరేళ్ళకిందటి పుండు."

"మానిందా మీకు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గట్టిగా మాట్లాడాలని నోరు తెరిచి, ఆ గట్టితనం రాక, పిడికిళ్ళు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నాన్నా, ఎందుకు చెప్పినావట్ల?" షెకైనా ఆయన ఎదుటికొచ్చింది. "హనుమంత నీకేం చేసినాడు?"

"ఏమీ చెయ్యలేదు," అన్నాడాయన. "పోలీసాయన అడిగినాడు, ఇంట్లో ఏమన్నా గొడవైందా అని. గొడవంటే ఏమనుకుంటారు? తనంతట తనే దూకినాడంటారు. ఆ మాట ఒకసారి బైటికి పోతే సంఘం వాన్ని తోటలో పెట్టనిస్తుందా? మా తాత పక్కన, మా అమ్మ పక్కన ఉండాల్సినోన్ని యాడో ముళ్ళకంపల్లో పెట్టమంటారు. ఎదురుగా హనుమంత తడిబట్టల్తో నిలబడి ఉండాడు. నోట్లోంచి ఆ పేరు వచ్చేసె. ఒకసారి వచ్చినాక..." ఆగాడు. "వచ్చినాక దాన్నే చెప్తా పోయినా."

"స్కూలు వ్యాను పని కూడా తీయించినారు," అంది కృపమణి.

"రోజూ వాని మొహం చూడలేకపోయినా."

 కృపమణి కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రేపు నేను కప్పగల్లు పోతాండా, హనుమంత వాళ్ళమ్మ దురుగమ్మకాడికి. మీరు రాకపోయినా పోతా," అంది. ఆయన రానూ అనలేదు, పోవద్దనీ అనలేదు.

* * *

కప్పగల్లులో ఆటో దిగి, ఇద్దరూ హనుమంత ఇల్లు అడుక్కుంటూ వెళ్ళారు. దురుగమ్మ వాకిట్లో గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మనిషిని చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు, కూర్చోమననూ లేదు.

"నర్సమ్మా," అంది, చేతులు ఆపకుండా. "తోవ తప్పినావా?"

కృపమణి ఆ పట్టా అంచునే కూర్చుంది. ఘాటుకు షెకైనాకు తుమ్ములొచ్చాయి. కృపమణి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తాను పంపిందీ, తాను నోరు మూసుకుందీ. ఏదీ తగ్గించి చెప్పలేదు. చెబుతున్నంతసేపూ దురుగమ్మ ఒక్కొక్క కాయ తీస్తూ, తొడిమ తుంచుతూ, పక్కన వేస్తూనే ఉంది.

"నాకు తెలుసు," అంది అంతా అయ్యాక. "నా కొడుకు ఆ పొద్దే చెప్పినాడు. నర్సమ్మ పంపిందమ్మా, ఆమె చెప్తుంది, ఆమె నిజం చెప్తుంది అని. పది దినాలు నీ కోసం చూసినాడు. నెల చూసినాడు."

కృపమణి తల వంచుకుంది.

"కురుగోడు పెళ్ళి సంబంధం పోయె. తాగుబోతు, స్నేహితున్ని నీళ్ళల్లో తోసినోడు అన్నారు. నా మొగుడు హులిగప్ప, టీ అంగడికి పోవడం మానుకున్యాడు. నా కొడుకు ఈ ఊర్లో ఉండలేక బండ్రి పోయి మైనింగు టిప్పరు తోల్తాండాడు. ముక్కులో, నోట్లో ఎర్రమన్ను. ముప్పై దగ్గరికొచ్చినాయి వానికి." దురుగమ్మ మొదటిసారి చేతులు ఆపింది. "ఇప్పుడెందుకొచ్చినావమ్మా?"

షెకైనా ముందుకు వంగింది. "అత్తా, అమ్మ ఇదంతా కెమెరా ముందర చెప్పింది. నేను సినిమా తీస్తాండా. దాంట్లో పెడతా. అందరూ చూస్తారు."

"ఏం సినిమా?"

షెకైనా చెప్పింది. చచ్చిపోయిన అన్న, ఇంట్లోవాళ్ళ మాటలు, ఫోటోలో కనపడే మనిషి. చెబుతుంటేనే ఆమెకు తన మాటలు వింతగా వినిపించాయి.

దురుగమ్మ నవ్వింది. ఆ నవ్వు షెకైనాకు చెంపదెబ్బలా తగిలింది.

"దయ్యం సినిమాలోనా? పాపా, ఆ ఫోటో నువ్వు చేసిందే కదా. దయ్యం సుళ్ళు, మీ అమ్మ మాట నిజమా? ఎవరు నమ్ముతారు? బాగా నటించింది నర్సమ్మ అంటారు. చప్పట్లు కొడతారు. నా కొడుకు అట్లనే ఉంటాడు." సుళ్ళంటే కన్నడంలో అబద్ధం. ఆ మాట అన్నప్పుడు దురుగమ్మ చేతిలోని కాయను చితికేదాకా నొక్కింది.



"యాడ చెప్పమంటావో చెప్పు దురుగమ్మా," అంది కృపమణి.

"యాడ నా కొడుకు పేరు చెడగొట్టినారో ఆడ. చర్చి మెట్ల మీద చెప్పె కదా నీ మొగుడు, అంతమంది ముందర? ఆడ చెప్పండి. వ్యాను పని తీయించిన స్కూల్లో చెప్పండి. పోలీసులకు రాసియ్యండి. అప్పుడు నాకాడికి రాండి. అప్పుడు కూడా నేను ఏమంటానో నాకు తెల్దు."

"అంటే అను. ఈ ఆదివారమే చెప్తా."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో షెకైనా చాలాసేపు ఫోను చేతిలో తిప్పుతూ కూర్చుంది. "అమ్మా, అన్న ఫోటోలన్నీ తీసేస్తా. నువ్వు చెప్పింది కూడా సినిమాలో పెట్టను. ఆమె చెప్పింది నిజం. అబద్ధం దయ్యం పక్కన పెడితే ఆ మాట కూడా అబద్ధమైపోతుంది."

"నీ సినిమా ఆగిపోతుంది కదా పాపా?"

"ఆగదు. వేరే ఇల్లు, వేరే మనుషులు, కొత్త కథ రాస్తా. టైముంది. తల్లిగా నువ్వే చెయ్యాల."

అట్లాగే చేసింది. గడువులోపు పూర్తయిన ఆ సినిమాలో జాబెజ్ నీడ కూడా లేదు. తల్లి తప్ప ఎవరూ లేని ఒక కూతురి కథ అది. కృపమణి దాంట్లో తల్లి. కానీ అదంతా తర్వాతి మాట.

* * *

శుక్రవారం ఉదయం కాఫీ ఇస్తూ కృపమణి భర్తతో అంది: "ఆదివారం సాక్ష్యాల టైములో నేను లేస్తా. మీకు చెప్పకుండా చెయ్యకూడదని చెప్తాండా. అనుమతి అడగడం లేదు."

"పెద్దరికం పోతుంది," అన్నాడాయన కాఫీలోకి చూస్తూ.

"పోనీండి."

"తోటలో వాని రాయి..."

"ఆరేళ్ళయింది. తవ్వి తీస్తారా? తీస్తామంటే నేను అడ్డం పడుకుంటా. అది నా పని. అబద్ధం మోయడం మాత్రం ఇంక నా వల్ల కాదు."

ఆ రెండు రోజులు ఆయన ఇంట్లో మనిషిలా లేడు. సమాధుల తోటకు రెండుసార్లు పోయొచ్చాడు. శనివారం సాయంత్రం పాస్టరయ్యగారింటికి నడిచాడు, వాకిటి దాకా పోయి వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం ఆరాధన నిండుగా ఉంది. సాక్ష్యాలెవరైనా చెప్పేవాళ్ళున్నారా అని అయ్యగారు అడగ్గానే కృపమణి లేచి ముందుకు నడిచింది. మైకు పట్టుకుంది. ఆ చేతులు ఇంజెక్షను పట్టుకున్నంత స్థిరంగా ఉన్నాయి.

"నా కొడుకు జాబెజ్ పోయిన దినం గురించి ఈ చర్చిలో ఒక మాట చెప్పినాము. అది నిజం కాదు," అంది.

బెంచీలు కిర్రుమన్నాయి. ముందు వరుసలోని నెహెమ్యా, ఆయన కూడా సంఘంలో పెద్దే, లేచి "అమ్మా, ఇంటి విషయాలు ఈడ ఎందుకు, తర్వాత అయ్యగారితో..." అనబోయాడు.

"చెప్పనీ నెహెమ్యా," అన్నాడు దయాసాగర్.

ఆయన లేచి నిలబడ్డాడు. మెల్లగా భార్య పక్కకు వచ్చి మైకుకు చెయ్యి చాచాడు. కృపమణి ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసింది. ఆపడానికి వచ్చాడా, చెప్పడానికి వచ్చాడా అని. తర్వాత మైకు ఇచ్చింది.

"ఈమె చెప్పాల్సింది కాదు ఇది. అబద్ధం చెప్పింది నేను," అన్నాడు. ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన గొంతు అది. ఇప్పుడు మాట మాటకీ తడబడింది. కొడుకును కొట్టిన సంగతి చెప్పాడు. గడప తొక్కొద్దన్న మాట చెప్పాడు. హనుమంతకు తాగుడు లేదని, వాడు ఇంటికొచ్చి అడిగి, తల్లి పంపితే వెళ్ళాడని, నీళ్ళలో దూకి కొడుకును గట్టుకు చేర్చింది వాడేనని చెప్పాడు. "నా బిడ్డకు తోటలో చోటు పోతుందని భయపడి ఇంకొకరి బిడ్డకు ఊర్లో చోటు లేకుండా చేసినా. పెద్దగా ఉండే అర్హత నాకు లేదు. ఈ పొద్దే దిగిపోతాండా."

వెనక బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది. "అయితే జాబెజ్ తానే..."

"నాకు తెలియదు," అన్నాడు దయాసాగర్. "దినమూ అదే అడుక్కుంటాండా. నాకు తెలియదు."

 షెకైనా లేచి వెళ్ళి తండ్రిని పట్టుకుంది.  అయ్యగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. జాబెజ్ రాయిని కదిలించాలని ఆ రోజూ ఎవరూ అనలేదు, తర్వాతా అనలేదు.

బయటకొస్తే గేటు దగ్గర దురుగమ్మ నిలబడి ఉంది. లోపలికి రాలేదు, మైకులో వినింది. దయాసాగర్ ఆమె ముందు చేతులు జోడించాడు. ఆమె వాటివైపు చూడలేదు.

"స్కూలు మిగిలుండాది సార్," అంది. "పోలీసులు మిగిలుండారు."

"రేపే పోతాను."

"ఆ తర్వాత బండ్రికి పోండి. వానికి నేను ఫోన్ చేసి చెప్తా, తలుపు తియ్యమని."

* * *

సోమవారం స్కూల్లో, పోలీసుల దగ్గర రాతకాగితాలిచ్చి, మంగళవారం ముగ్గురూ సండూరు బస్సెక్కారు. కెమెరా తేలేదు. బండ్రిలో టిప్పర్లు ఆగే షెడ్డు వెనక హనుమంత గది. తలుపు తీసి ఉంది. మనిషి చిక్కిపోయాడు. కనుబొమల మీద, చెవుల వెనక ఎర్ర దుమ్ము. ముగ్గురినీ చూసి పక్కనున్న రెండు కుర్చీలు ముందుకు జరిపాడు.

దయాసాగర్ కూర్చోలేదు. "హనుమంతా, నీకు నేను చేసింది..." అని మొదలుపెట్టి ముందుకు సాగలేకపోయాడు.

"అమ్మ చెప్పింది సార్. సాలు, ఊరికే ఉండండి," అన్నాడు హనుమంత. కోపం లేదు, దగ్గరితనమూ లేదు. షెకైనా వైపు చూశాడు. ఆమె అతని కళ్ళలోకి చూడలేక, "నిన్ను గేటు బయటికి నెట్టినా అన్నా. చెయ్యకూడనిది," అంది. అతను తలూపాడు.

కృపమణి ముందుకొచ్చింది. "నిన్ను పంపి, నిన్నే దోషిని చేసినా నాయనా. కోపముంటే తిట్టు. మాటకు మాటగా నేను ఏమీ అనను."

హనుమంత చాలాసేపు షెడ్డులోని బండ్ల వైపు చూశాడు. "తిట్టుకునేది అయిపోయింది నర్సమ్మా. తొలి ఏడే అయిపోయింది," అన్నాడు. "నాకు ఇంకొక బాధ ఉండె. వాడు ఫోన్లో ఏమన్నాడో మీకు చెప్పాలని మూడుసార్లు వచ్చినా మీ ఇంటికి. సార్ గేటు తియ్యలేదు."

దయాసాగర్ తలెత్తాడు. "ఏమన్నాడు?"

"ఏడ్చినాడు మొదట. తర్వాత నవ్వినాడు. మా నాన్న కోపం మధ్యాహ్నానికి దిగిపోతుందిలేరా, నువ్వు రా, ఇద్దరం పోదాం అన్నాడు. గడపలో నువ్వు ముందర నడువు, నేను నీ వెనక వస్తా, వేరేవాళ్ళ ముందర మా నాన్న కొట్టడు అన్నాడు." హనుమంత మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. "ఎండగా ఉండాది, నువ్వొచ్చేలోపల ఒక మునకేస్తా అన్నాడు సార్. కాలవ మెట్ల మీద పాచి. నేను పోయేసరికి చెప్పులు, చొక్కా, ఫోను గట్టు మీద మడిచిపెట్టి ఉండాయి. బనీను పట్టుకుని లాగినా. ఇంటికొచ్చేదానికే కూర్చున్యాడు సార్ ఆడ. నా కోసం."

కృపమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చొక్కా అని ఆమె తప్పు చెప్పింది, అది బనీను. ఆరేళ్ళుగా ఆ రోజు మొత్తం తనకు తెలుసనుకుంది. ఏమీ తెలియదు.

 దయాసాగర్ కుర్చీ పక్కనే ఉన్నా నేల మీద కూర్చుండిపోయాడు. కొడుకు తన మీద పగతో పోయాడని ఆరేళ్ళు ప్రతి ప్రార్థనలో అనుకున్నాడు. పగతో పోలేదని తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడి మొహం మీదే తను గేటు వేసుకున్నాడు.

చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళు తిరిగి చూశారు. హనుమంత కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత వచ్చి ఆయన ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి చెప్పప్పా," అన్నాడు దయాసాగర్, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని. "వాడు ఏమన్నాడో. ఒక్క మాట వదలకుండా."

హనుమంత ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. "పదిన్నరకు ఫోన్ వచ్చింది సార్," అని మొదలుపెట్టాడు.